ఖరా

రాత్రి రెండున్నరకి చెయ్యి నన్ను లేపుతుంది.
నిద్రపోయింది తను, మెలకువ నాకు.
నర్సమ్మ థర్మామీటరు విదిలించినట్టు
చీకట్లో విదిలిస్తాను.
బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు,
ఉంగరం వేలులో సగం
ఎవరివో, నాకు తగిలించి పోయారు.
చిటికెన వేలొక్కటే నాది.
ఇరవై రెండేళ్లు అప్పడాల కర్ర పట్టినా
దానికేమీ కాలేదు.
"పనిదొంగ కదేటి మరి" అంటుంది తవుడమ్మ.

బరంపురం, ఖాజా వీధి వెనక సందు.
పాత్రో గారింటి కింది గది.
కిటికీ ఉంది. తెరిస్తే పిండి ఆరిపోతుందని
మూసే ఉంటుంది.
ఏడుగురం, ఏడు పీటలు, ఒక ట్యూబ్‌లైటు,
మినప్పిండీ ఇంగువా కలిసిన గాలి.
వందకింత అని కూలి.
లెక్క వేళ్ల మీదే పెట్టుకునేదాన్ని, కణుపుకి పది.
ఇప్పుడు కణుపు తాకినా తాకినట్టుండదు.
మొన్న నూట నలభై ఒత్తి
నూట ఇరవై అన్నాను.
పాత్రో గారు దిద్దలేదు.

పెద్దాసుపత్రిలో నలభై ఏడో చీటీ నాది.
సబత్ డాక్టరమ్మ మణికట్టు మీద
వేలితో టకటకలాడించింది.
చేపపిల్ల ఒకటి
నడిమివేలి కొస దాకా ఈది మాయమైంది.
ఇక్కడొక సొరంగముంది, అంది.
తొమ్మిది తాళ్లూ ఒక నరమూ అందులోంచే పోవాలి.
తాళ్లు ఉబ్బితే నరం నలుగుతుంది.
ఠాకురాణి జాతర రాత్రి మా సందు గుర్తొచ్చింది.
తొమ్మిది పులివేషాలు ఒక్కసారే దూరితే
గోడకి అంటుకుపోయిన పిల్ల.

రక్తం కాగితం చూసి ఒడియాలో అడిగింది,
"దేహొరే ఖరా లాగుచి కి?"
పుట్టింది ఈ ఊళ్లోనే, ఖరా అంటే ఎండని తెలుసు.
అయినా ఆ పూట నా చెవిలో పడింది కరమే, చెయ్యే.
"లాగుతోందమ్మా, తెల్లార్లూ లాగుతోంది" అన్నాను.
ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను,
ఎందుకో తెలీకుండా.

విటమిన్ డి పదకొండు. ముప్పై ఉండాలట.
ఎండ లేకే నరం ఇలా అయిందా అని అడిగాను.
చుట్టరికం ఉన్నట్టే ఉంది,
ఏ వరసో ఇంకా తేలలేదు, అంది.
తెలీదనే మాట నాకు చెప్పిన మొదటి డాక్టరు ఆవిడే.
వారానికో పొడి, పాలల్లో.
పడుకునేటప్పుడు మణికట్టుకి పట్టీ.
రెండు నెలలు కర్ర ముట్టుకోవద్దు.
ఆ చివరి మాట దగ్గర
చీటీ మడిచి జాకెట్లో పెట్టేసుకున్నాను.

అప్పడాలు ఎండేది మేడ మీద.
ఎత్తుకెళ్లేది బుల్లోడు, దించుకొచ్చేదీ బుల్లోడే.
ఇన్నేళ్లలో ఆ మెట్లు నేనెక్కలేదు.
నా చేతి కింద పుట్టిన ప్రతిదీ
నాకన్నా ఎక్కువ ఎండ చూసింది.

ఈవేళ ఎక్కాను. పదకొండైంది.
చాపల నిండా వరసలు.
ఏవి నావో అంచులు చూస్తే తెలిసిపోతోంది.
ఈ మధ్యవి కాస్త వంకర.
చేతులు మోచేతుల పైదాకా ఎగదోసుకుని
రెండు చాపల మధ్య కూలబడ్డాను.
కాసేపయ్యాక తిరగేశాను,
రెండో పక్క కూడా కాగాలి కదా.

సూర్యుడికి వెయ్యి కరాలని
అరసవల్లిలో ఎవరో చదువుతుంటే విన్నాను.
వెయ్యింట్లో ఒక్కటైనా తిమ్మిరెక్కదా సామీ?
రాత్రిళ్లు కనపడవు,
ఏ మూలో కూచుని విదిలించుకుంటుంటావా?

కింద నుంచి తవుడమ్మ కేక.
"ఏటే, నువ్వూ అప్పడానివైపోనావేటి?"
"ఒక పక్కే అయింది, ఉండు."

మెట్ల మీద అడుగులు.
వచ్చింది. వేళాకోళమాడుతుందనుకున్నాను.
ఏమీ అనకుండా పక్కన కూచుని
తన రెండు చేతులూ
నా చేతుల పక్కన పరిచింది.
ఎన్నాళ్లుగా అని నేనడగలేదు.